కృష్ణబిలం ప్రగతికి బాధ్యులు

డాక్టర్ ఆసూరి నరహరిగారు చేసిన తప్పు చాలా చిన్నది. ఒక ఖాళీ గడిలో తన పేరు రాశారు, అంతే. పేరు రాసుకోవడానికి చోటు దొరికితే రాసుకోనివాళ్ళు లోకంలో ఎవరున్నారు? స్టీలు గిన్నె కొంటే పేరు కొట్టిస్తాం. బస్టాండులో సిమెంటు బెంచీ వేయిస్తే సరిగ్గా వీపు ఆనే చోట దాత పేరు చెక్కిస్తాం. నరహరిగారూ మనలాంటి మనిషే. కాకపోతే ఆయన పేరు రాసిన గడికి ఎదురుగా ఉన్నది గిన్నె కాదు, బెంచీ కాదు. ముప్ఫై కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక కృష్ణబిలం.

ఆయన ఉద్యోగం పిట్టలగుట్ట మీద. విశ్వవిద్యాలయంవారి ఖగోళ పరిశోధన కేంద్రం అది. కేంద్రమంటే ఒక టెలిస్కోపు, దాని మీద మూలుగుతూ తిరిగే ఒక గుమ్మటం, ముగ్గురు మనుషులు. నరహరిగారు ఇన్‌ఛార్జి. మేకల స్వరూప పరిశోధక విద్యార్థిని. నాలుగేళ్ళుగా ఒకే గెలాక్సీని కొలుస్తోంది. సాయిలు ఇరవై ఆరేళ్ళుగా గుమ్మటం తిప్పుతున్నాడు. గ్రీజు ఎక్కడ పెట్టాలో, ఇన్‌ఛార్జికి ఎక్కడ పెట్టకూడదో రెండూ తెలిసినవాడు.

స్వరూప కొలిచే గెలాక్సీ వాళ్ళ జాబితాలో పదిహేడో నంబరు. దాని నడిబొడ్డున పది కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. చుట్టూ తిరిగే వాయువు అందులోకి జారే ముందు సుళ్ళు తిరిగి, ఒకదానికొకటి ఒరుసుకుని, వేడెక్కి భగ్గున వెలుగుతుంది. కృష్ణబిలం తనంతట తాను వెలగదు. నోటి దాకా వచ్చిన కూడు వెలుగుతుంది. అదీ అంతా లోపలికి పోదు. చాలా భాగాన్ని బయటికి ఎగజిమ్ముతుంది. ఆ వేడికి చుట్టుపక్కల చల్లటి వాయువు చెదిరిపోయి కొత్త నక్షత్రాలు పుట్టడం తగ్గిపోతుంది. నడుమ ఒక్కటి బలిస్తే చుట్టూ ఉన్నవి ఎదగవన్నమాట. దీని మీద నరహరిగారు పందొమ్మిది వ్యాసాలు రాశారు. అయితే విశ్వవిద్యాలయంలో ప్రగతి పర్యవేక్షణ విభాగం అనేది ఒకటి పుట్టి, మిగతా శాఖల గదులూ గుమాస్తాలూ కుర్చీలూ ఒక్కొక్కటే అందులోకి జారిపోతున్నప్పుడు మాత్రం ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. శాస్త్రవేత్తలకు దూరపు చూపు ఎక్కువ.

ఆ విభాగానికి జాయింట్ డైరెక్టరుగా పెండ్యాల విఠల్‌రావుగారు వచ్చారు. అంతకు ముందు ఆయన విశ్వవిద్యాలయంవారి చేప పిల్లల కేంద్రంలో ఉండేవారు. అక్కడ మూడు నెలలకోసారి చేప పిల్లలను కొలిచి, ఇంత పొడుగు పెరిగాయని రాసే పద్ధతి పెట్టారు. పద్ధతి బాగా పనిచేసింది. చేప పిల్లలు పెరిగే జాతివి కాబట్టి పెరిగాయి. విఠల్‌రావుగారు దాన్ని తన పద్ధతి గొప్పతనం అనుకున్నారు. కొత్త కుర్చీలో కూర్చున్న వారానికే అన్ని శాఖలకూ ఉత్తర్వు వెళ్ళింది.

"విశ్వవిద్యాలయ పరిధిలోని ప్రతి పరిశోధనాంశమూ ప్రతి త్రైమాసికంలో ప్రగతి కనబరచవలెను. సదరు ప్రగతిని జతపరచిన నమూనాలో శాతముగా పొందుపరచవలెను. ప్రగతి లేని అంశముల విషయమున సంబంధిత అధికారులను బాధ్యులుగా పరిగణించడమగును."

నమూనాలో నాలుగు గడులు. గత త్రైమాసిక స్థితి, ప్రస్తుత స్థితి, ప్రగతి శాతం, ప్రగతికి బాధ్యులు. అంతా కంప్యూటరులో నింపాలి.

నరహరిగారు నిజాయితీగా లెక్క వేశారు. ఫలితం 0.00 అని వచ్చింది. పదకొండో రోజున నోటీసు వచ్చింది: "తమ అధీనంలోని కృష్ణబిలము ఆశించిన ప్రగతిని కనబరచనందున తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో వ్యక్తిగతముగా హాజరై తెలుపవలెను."

హాజరయ్యారు.

"మీ కృష్ణబిలం ఈ త్రైమాసికంలో ఏం సాధించింది డాక్టర్ గారూ?" అని విఠల్‌రావుగారు అడిగారు.

"సూర్యుడిలో ఇరవయ్యో వంతు మింగింది సార్."

"మింగింది కదా! మరి సున్నా ఎందుకు చూపించారు?"

"దాని బరువు ముందే పది కోట్ల సూర్యులు సార్. శాతంలో చెప్పాలంటే పాయింటు తర్వాత ఏడు సున్నాలు పెట్టాలె. మీ కంప్యూటరు రెండే తీసుకుంటది."

విఠల్‌రావుగారు కళ్ళు మూసుకుని తెరిచారు. "అంటే తిన్నది ఒంటికి పట్టడం లేదు. చేప పిల్లల్లోనూ ఈ సమస్య ఉత్పన్నమైంది. మేత మార్చాం."

"మేత మార్చుడు మన చేతుల లేదు సార్."

"మన చేతుల్లో లేదు అనే పదప్రయోగాన్ని ఈ విభాగం అనుమతించదు. బరువు పెరగడం లేదా, సూచిక మార్చండి. నిగారింపు చూపించండి. ఒళ్ళు చేయని పిల్లలకు మేం అదే చూపించేవాళ్ళం."

నిజం చెప్పాలంటే, సలహా అంత తెలివితక్కువది కాదు. పదిహేడో నంబరు వెలుగు నెల నెలా మారుతూనే ఉంటుంది. స్వరూప నలభై రాత్రులు మేలుకుని కొలిచిన లెక్కలు బల్ల మీదే ఉన్నాయి. ఆ మూడు నెలల్లో వెలుగు పద్నాలుగు శాతం పెరిగింది. నరహరిగారు పద్నాలుగు అని నింపారు. నాలుగో గడి దగ్గర ఆగారు. ప్రగతికి బాధ్యులు. ఖాళీగా వదిలి బటన్ నొక్కారు. "ఈ గడి తప్పనిసరి" అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఎర్ర అక్షరాలే.

అప్పుడు ఆయన అటూ ఇటూ చూసి, 'డా. ఆసూరి నరహరి' అని కొట్టారు. కంప్యూటరు పచ్చగా నవ్వింది.

"గా గడిల మీ పేరెందుకు రాసిన్రు సార్?" అని సాయిలు టీ గ్లాసు పెడుతూ అడిగాడు.

"కంప్యూటరు ఖాళీ ఒప్పుకోదు సాయిలూ. నేనేం జెయ్యాలె?"

ఈ మాట ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నారు. భార్యకు చెప్పారు, తోటి ఆచార్యులకు చెప్పారు, శాలువా కప్పించుకుంటూ విలేకరికి కూడా వినయంగా చెప్పారు. శాలువా ఎందుకంటే, ఆ త్రైమాసికంలో మొత్తం విశ్వవిద్యాలయంలో పద్నాలుగు శాతం ప్రగతి సాధించినది కృష్ణబిలం ఒక్కటే. సభలో విఠల్‌రావుగారు మాట్లాడుతూ, "నోటీసు అందిన తొంభై రోజుల్లోనే సదరు కృష్ణబిలం తన పనితీరును గణనీయంగా మెరుగుపరుచుకున్నది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నరహరిగారు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత, శాలువా వెచ్చగా ఉండడంతో, కాస్త తలెత్తి కూర్చున్నారు. స్వరూప వెనక వరుసలో కూర్చుని ఉంది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన మనిషి శాలువా సర్దుకుంటున్నారు.

మిగతా శాఖలవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా? మరుసటి త్రైమాసికంలో భూగర్భ శాఖ ఆవరణలోని గ్రానైటు బండ ఒక మిల్లీమీటరు పెరిగింది. చరిత్ర శాఖవారు కాకతీయుల పాలనాకాలాన్ని నాలుగు నెలలు పొడిగించారు. గణిత శాఖ అధిపతి మాత్రం వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిలో ఏ మార్పూ లేదని రాసి, నోటీసు అందుకుని, సెలవు పెట్టారు. అందరికీ ఆదర్శంగా పిట్టలగుట్టను చూపించేవారు. గుట్ట కింద బోర్డు కూడా పెట్టారు: ఈ కేంద్రంలోని కృష్ణబిలం ప్రగతికి బాధ్యులు డా. ఆసూరి నరహరి. దానితో పాటు ఒక కొత్త నిబంధన వచ్చింది. కేంద్రం నుంచి ఏ ఫలితం బయటికి వెళ్ళాలన్నా ఇన్‌ఛార్జి సంతకం పెట్టాలి, సంతకం పెట్టిన అంకె దానంతట అదే ప్రగతి నమూనాలో ఎక్కుతుంది. నరహరిగారు ఆ నిబంధనను సంతోషంగా స్వాగతించారు. అప్పటికి అంకెలు పైకే పోతున్నాయి మరి.

కార్తీకంలో ఒక ఉదయం స్వరూప కాగితాలు పట్టుకుని పరుగున వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"సార్, పదిహేడు పడిపోయింది."

"ఎంత?"

"అయిదో వంతుకు. మొదట మబ్బేమో అనుకున్న. ఆరు రాత్రులు చూసిన సార్. వర్ణపటంల హైడ్రోజన్ గీత వెడల్పుగ ఉండె గద, అది మొత్తం మాయమైంది. మేత ఆగిపోయింది సార్. మన కండ్ల ముందటనే ఒక కృష్ణబిలం తినుడు బంద్ జేసింది!"

నరహరిగారికి ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. వేల వేల ఏళ్ళు పట్టాల్సిన మార్పు నెలల్లో జరగడం అరుదు. జరుగుతుండగా పట్టుకోవడం మరీ అరుదు. ఇదొక్కటి చాలు, ఆ పిల్ల సిద్ధాంత గ్రంథం నిలబడుతుంది. ఫిబ్రవరితో అయిపోయే ఫెలోషిప్పు తర్వాత ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతుంది. ముప్ఫై ఏళ్ళ కిందట తాను ఈ చదువులోకి వచ్చింది ఇలాంటి ఉదయం కోసమే అని ఆయనకు గుర్తొచ్చింది.

మరుక్షణం నాలుగో గడి గుర్తొచ్చింది.

"రిపోర్టు రాసిన సార్. మీరు సంతకం పెడితే ఇయ్యాల్నే పంపిస్త. మనమొక్కళ్ళమే చూస్తలేము. వేరే దేశపోళ్ళు కూడా దీని మీద కన్నేసిన్రు. ముందు ఎవరు చెప్తే వాళ్ళదే."

"పెడ్త పెడ్త. ఒకసారి సరిచూసుకోవాలె గదా" అన్నారు నరహరిగారు.

సంతకం పెడితే ప్రగతి మైనస్ ఎనభై. బాధ్యులు డా. ఆసూరి నరహరి. ఆయన ఆ కాగితాలను సొరుగులో పెట్టారు. మొదటి రోజు లెక్క సరిచూశారు. రెండో రోజు సరిచూసిన లెక్కను సరిచూశారు. మూడో రోజు గాజు మీద దుమ్ముందేమో తుడవమన్నారు. సాయిలు తుడిచాడు, వెలుగు పెరగలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అయిదో రోజు కరెంటు మీదా ఏడో రోజు గుట్ట మీద గాలి మీదా నెపం వేశారు. తొమ్మిదో రోజు స్వరూప బల్ల ఎదురుగా వచ్చి నిలబడింది.

"సార్, లెక్కల తప్పుందా?"

"లేదమ్మా."

"మరి?"

"అది కాదు స్వరూపా. ఆ గడిల నా పేరుంది. కంప్యూటరు ఖాళీ ఒప్పుకోదు గనక..."

"పద్నాలుగు శాతం కూడా నేనే కొలిచిన సార్" అని ఆమె వెళ్ళిపోయింది.

తలుపు పక్కన గ్రీజు డబ్బాతో నిలబడిన సాయిలు ఎటో చూస్తూ అన్నాడు. "ఒకటడుగుత సార్, ఏమనుకోకుండ్రి. వెలుగు పెరిగినప్పుడు డ్యూటీల ఉన్నది ఎవలు?"

ఆ రాత్రి నరహరిగారికి నిద్ర పట్టలేదు. ఖగోళ శాస్త్రవేత్తకు అది వృత్తి ధర్మమే కాని, ఈసారి మేలుకున్నది గుమ్మటం కింద కాదు, మంచం మీద.

గుట్ట మీద ఏదో దాస్తున్నారన్న వార్త ఈలోగా విఠల్‌రావుగారి చెవిన పడింది. వెంటనే విచారణ పెట్టారు. విచారణలో ఆయన, విశ్వవిద్యాలయ న్యాయ సలహాదారు ఉన్నారు.

"కృష్ణబిలం మేత మానేసిన మాట వాస్తవమేనా?" అని న్యాయ సలహాదారు ప్రారంభించారు.

"వాస్తవమే సార్. కాని ఆ వెలుగు అక్కడ బయల్దేరి ముప్ఫై కోట్ల ఏండ్లయింది. ఆ తగ్గుదల జరిగినప్పుడు నేను ఉద్యోగంలనే చేరలేదు."

"చేరిన తేదీ?"

"పందొమ్మిది వందల తొంభై ఎనిమిది, జూన్."

సలహాదారు రాసుకున్నారు. "అయితే సంఘటన తమ హయాంకు పూర్వపుది. అప్పటి ఇన్‌ఛార్జి ఎవరు?"

"అప్పటికి మనుషులే లేరు సార్. రాక్షసబల్లులు కూడా ఇంకా రాలేదు."

"అంటే పోస్టు ఖాళీ. పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు అదనపు బాధ్యతలు ఎవరికో ఒకరికి అప్పగించి ఉండాలి. సదరు ఉత్తర్వు ప్రతి సమర్పించగలరా?"

"లేదు సార్."

"సమర్పించలేకపోయారు" అని రాసుకుని, సలహాదారు కళ్ళద్దాల మీదుగా చూశారు. "మరొక అంశం. తగ్గుదల తమ హయాంకు పూర్వపుదైతే, పద్నాలుగు శాతం పెరుగుదల కూడా పూర్వపుదే కదా? శాలువా ఏ ప్రాతిపదికన స్వీకరించారు?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ముప్ఫై ఏళ్ళలో తన శాస్త్రాన్ని ఇంత సూటిగా అర్థం చేసుకున్న మనిషి నరహరిగారికి తగలడం ఇదే మొదటిసారి. పైగా ఆయన వకీలు.

విఠల్‌రావుగారు జాలిగా నవ్వి కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పారు. "డాక్టర్ గారూ, మీరు మా విభాగానికి ఆదర్శం. మిమ్మల్ని పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు. పరిష్కారం నిబంధనల్లోనే ఉంది. ఆ ఆరు రాత్రులూ విధుల్లో ఉన్నది పరిశోధక విద్యార్థిని. నాలుగో గడిలో ఆమె పేరు పెట్టండి. ఫెలోషిప్పు రద్దవుతుంది, రిపోర్టు నిలిచిపోతుంది. అంతటితో విషయం సమసిపోతుంది. చిన్నపిల్ల, మళ్ళీ ఎక్కడైనా చేరుతుంది."

తెర మీద విఠల్‌రావుగారు ముందే ఎక్కించిన మైనస్ ఎనభై ఉంది. పక్క గడిలో గీత మిణుకు మిణుకుమంటోంది.

నరహరిగారు వీరుడు కాదు. తొమ్మిది రోజులు సొరుగుకు తాళం వేసుకున్న మనిషి వీరుడెలా అవుతాడు? ఆయనకు ఆ క్షణంలో శాస్త్రం గుర్తు రాలేదు, సత్యం గుర్తు రాలేదు. సాయిలు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వెలుగు పెరిగినప్పుడు డ్యూటీలో ఉన్నదీ ఆ పిల్లే. అప్పుడు ఆ గడిలో ఆమె పేరు పెట్టాలని తనకు ఎవరూ చెప్పలేదు, తనకూ తోచలేదు. ఇప్పుడు మాత్రం తోచిందంటే ఇంటికెళ్ళి అద్దంలో ముఖం చూసుకోలేరు.

"తగ్గింది సార్. దానికి బాధ్యుణ్ణి నేనే" అని, ఆయన 'డా. ఆసూరి నరహరి' అని కొట్టారు. తర్వాత సంచిలోంచి స్వరూప రిపోర్టు తీసి, విచారణ సంఘం బల్ల మీదే సంతకం పెట్టారు. పై పేజీలో రచయితల పేర్ల దగ్గర మొదట తన పేరు ఉంది. శాఖ ఆనవాయితీ ప్రకారం స్వరూపే అలా రాసింది. దాన్ని కొట్టేశారు. కింద మేకల స్వరూప ఒక్కటే మిగిలింది.

రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్ళింది. ఇంకో దేశంవాళ్ళది దాని తర్వాత రెండు రోజులకు వచ్చింది. స్వరూపకు ఉత్తరాలు రావడం మొదలైంది. నరహరిగారికి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది: "తమ పర్యవేక్షణా లోపం వలన ఒక కృష్ణబిలము నిరాహారమునకు గురి అయినందున, మేత విషయమున తగు అనుభవము సంపాదించు నిమిత్తము తమను చేప పిల్లల కేంద్రమునకు బదిలీ చేయడమైనది."

పిట్టలగుట్ట బాధ్యతలు విఠల్‌రావుగారే అదనంగా తీసుకున్నారు. ఒకసారి మేత మానిన కృష్ణబిలం మళ్ళీ ఎప్పుడు నోరు తెరుస్తుందో ఎవరికీ తెలియదు. కాని ఆయన చేతి చలవ మీద ఆయనకు నమ్మకం. మూడు నెలల తర్వాత సాయిలు ఫోను చేశాడు.

"సార్, మన పదిహేడు ఇంక లేస్తలేదు. సున్నా వచ్చింది. విఠల్‌రావు సారు ఆఫీసుల కూసోని గుట్ట ఇన్‌ఛార్జికి నోటీసు ఇచ్చిన్రు. మల్ల గుట్ట మీదికొచ్చి తీసుకున్నరు."

"జవాబిచ్చిన్రా?"

"ఇచ్చిన్రు. సంతృప్తికరంగ లేదని మల్ల ఆయనే తిరగ్గొట్టిన్రు. స్వరూప బిడ్డకు పుణెల కొలువొచ్చింది సార్, మీకు ఫోన్ జేస్తనన్నది."

నరహరిగారు నవ్వుకుంటూ ఫోను పెట్టేసి తొట్ల దగ్గరికి వెళ్ళారు. చేప పిల్లలు నీళ్ళ మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చేతిలో తవుడు పట్టుకుని చల్లితే, సగం తిని సగం చెదరగొట్టాయి. ఎక్కడో చూసిన వ్యవహారమే అనిపించింది. మూడు నెలల్లో రెండంగుళాలు పెరిగాయి. ఆయన గదిలోకి వచ్చి నమూనా తెరిచారు. గత స్థితి, ప్రస్తుత స్థితి, శాతం. నాలుగో గడి దగ్గర చెయ్యి అలవాటుగా 'డా.' అని మొదలుపెట్టింది. ఆపేశారు. చాలు బాబూ అనుకున్నారు. గడిని ఖాళీ చేసి, ఎర్ర అక్షరాలు వస్తే రానీ అని, 'చేప పిల్లలు' అని కొట్టి బటన్ నొక్కారు.

ప్రగతికి బాధ్యులు: చేప పిల్లలు. కంప్యూటరు పచ్చగా నవ్వింది.

ఖాళీ ఒప్పుకోదు, నిజమే. కాని అందులో నరహరిగారి పేరే ఉండాలని అది ఏనాడూ అడగలేదు. మొదటి రోజు 'కృష్ణబిలం' అని కొట్టి ఉంటే దాన్నీ తీసుకునేదే. ఆ మాట అప్పుడు ఆయనకు తట్టలేదు.